అబ్‌స్ట్రాక్ట్‌లో రాసిన ప్రతి మాటకూ జవాబు చెప్పగలరా?

ఫైనలియర్ ప్రాజెక్టు రిపోర్టులో అన్నిటికంటే ముందు కనిపించేదీ, అన్నిటికంటే చివర్లో హడావుడిగా రాసేదీ ఒకటే.. అబ్‌స్ట్రాక్ట్! రేపు సబ్మిషన్ అనగా ఈ రాత్రి, బైండింగ్ షాపు మూసేస్తారేమోనన్న కంగారులో సీనియర్ల రిపోర్టు తెరిచి, ప్రాజెక్టు పేరు మార్చి, నాలుగు మాటలు అటూ ఇటూ చేసి ‘హమ్మయ్య’ అనుకుంటాం. మీరూ ఇలాగే చేసి ఉంటే ఇబ్బంది పడకండి. నేనూ అదే చేశాను. దాని ఫలితం మాత్రం కాలేజీలో కాదు, ఇంటర్వ్యూ గదిలో తెలిసింది.

మా టీమ్‌లో నలుగురం. మిరప ఆకు ఫొటో చూసి తెగులేమిటో చెప్పే మోడల్ మా ప్రాజెక్టు. ఫ్రెండ్ వాళ్లది గుంటూరు దగ్గర పల్లె కావడంతో వాళ్ల నాన్నగారి మిర్చి చేలోనే ఫోన్‌తో 612 ఫొటోలు తీశాం. ఆరోగ్యంగా ఉన్న ఆకు, ఆకుముడత, ఆకుమచ్చ, బూడిద తెగులు.. మొత్తం నాలుగు రకాలు. మోడల్ 98.4 శాతం కచ్చితత్వం చూపించింది. ఎగిరి గంతేశాం. ఓ కాన్ఫరెన్స్‌కు పేపర్ పంపితే తీసుకున్నారు కూడా. నా రెజ్యూమెలో మొదటి లైను అదే.

కొన్ని నెలల తర్వాత హైదరాబాద్‌లో ఓ కంపెనీ ఇంటర్వ్యూ. ప్యానెల్‌లో ఉన్న మేడమ్ మా అబ్‌స్ట్రాక్ట్ ప్రింటవుట్ ముందు పెట్టుకుని మూడే ప్రశ్నలు అడిగారు. ‘నావెల్ పద్ధతి అన్నారు కదా, దేనితో పోలిస్తే కొత్త?’ నా దగ్గర జవాబు లేదు. ‘98.4 శాతం అన్నారు. ఫొటోలను తిప్పి, మలిచి సంఖ్య పెంచింది ట్రెయినింగ్, టెస్ట్ సెట్లుగా విడగొట్టక ముందా, తర్వాతా?’ ముందే అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు, పెన్నుతో ఆ అంకె చుట్టూ సున్నా చుట్టారు. ‘సరే, మీ ఐదో రిఫరెన్స్‌లో ఏం చెప్పారు?’ ఆ పేపర్ నేను తెరిచి కూడా చూడలేదు. సీనియర్ల రిపోర్టులోంచి వచ్చింది.

ఆ అబ్‌స్ట్రాక్ట్ 170 మాటలుంటుంది. అందులో సగం మాటలకు నా దగ్గర సమాధానం లేదని బస్సులో ఇంటికొస్తుంటే అర్థమైంది.

ముందు ఆ అంకె సంగతి

రెండో ప్రశ్న గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఇమేజ్ ప్రాజెక్టులు చేస్తున్న చాలామంది ఇప్పటికీ ఇక్కడే జారుతున్నారు. మేం ఒక్కో ఫొటోను తిప్పడం, అద్దంలో కనిపించినట్టు మార్చడం, వెలుతురు తగ్గించడం వంటివి చేసి ఆరు చొప్పున తయారుచేశాం. 612 కాస్తా 3,672 అయ్యాయి. ఆ తర్వాత 80 శాతం ట్రెయినింగ్‌కు, 20 శాతం టెస్టుకు పంచాం. అంటే ఒకే ఆకుకు సంబంధించిన నాలుగైదు కాపీలు ట్రెయినింగ్‌లో, ఒకటో రెండో టెస్టులో పడ్డాయన్నమాట. పరీక్షకు ముందే పేపరు చూసేసిన విద్యార్థికి 98 మార్కులొస్తే అందులో వింతేముంది? దీన్నే డేటా లీకేజ్ అంటారు.

ఇంటికొచ్చాక మళ్లీ చేశాను. మొదట అసలు ఫొటోలనే విడగొట్టి, ఒకే మొక్క ఫొటోలు రెండు వైపులా పడకుండా చూసి, ట్రెయినింగ్ భాగాన్ని మాత్రమే పెంచాను. టెస్టులో 122 ఫొటోలుంటే 102 సరిగ్గా చెప్పింది. అంటే 83.6 శాతం. బాధేసింది. కానీ ఈ అంకె గురించి ఎవరు ఎన్ని ప్రశ్నలడిగినా చెప్పగలను.

అబ్‌స్ట్రాక్ట్ అంటే పేపర్‌కు ప్రకటన కాదని, పేపర్ తరఫున మీరు ఇచ్చే వాంగ్మూలమని నాకు అర్థమైంది అప్పుడే.

ఎక్కువమంది చదివేది అదొక్కటే

రివ్యూయర్ చేతికి మీ పేపర్ వచ్చినప్పుడు మొదట చూసేది అబ్‌స్ట్రాక్టే. ఐఈఈఈ ఎక్స్‌ప్లోర్, పబ్‌మెడ్ వంటి డేటాబేస్‌లలో వెతికేవారికి పూర్తి పేపర్ డబ్బు కడితేగానీ తెరుచుకోకపోవచ్చు, అబ్‌స్ట్రాక్ట్ మాత్రం అందరికీ కనిపిస్తుంది. ఇక ఉద్యోగమిచ్చేవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. పది పేజీల పేపర్ చదివే తీరిక వాళ్లకెక్కడిది? ఎంటెక్, పీహెచ్‌డీ ఇంటర్వ్యూల్లోనూ, విదేశాల్లో ఎంఎస్‌కు ప్రొఫెసర్‌కు మెయిల్ పెట్టినప్పుడూ ఇదే కథ. ‘మీ ప్రాజెక్టు గురించి చెప్పండి’ అనే ప్రశ్నకు మీరు ఇచ్చే నిమిషం జవాబు కూడా ఓ అబ్‌స్ట్రాక్టే, కాకపోతే నోటితో చెప్పేది.

‘భారతదేశం వ్యవసాయ దేశం’తో మొదలెట్టొద్దు

మా పాత అబ్‌స్ట్రాక్ట్ మొదటి వాక్యం ఇదే. వ్యవసాయం దేశానికి వెన్నెముక అని రెండో వాక్యం. నేటి ఆధునిక ప్రపంచంలో కృత్రిమ మేధ పాత్ర పెరుగుతోందని మూడోది. అంటే 170 మాటల్లో దాదాపు 50 మాటలు అందరికీ తెలిసిన విషయాలకే పోయాయి. మేం చేసిన పని నాలుగో వాక్యం దాకా రానేలేదు.

దీనికి భిన్నంగా ఎలా రాయొచ్చో చూడాలంటే 2012 నాటి అలెక్స్‌నెట్ పేపర్ అబ్‌స్ట్రాక్ట్ తెరవండి. అలెక్స్ క్రిజెవ్‌స్కీ, ఇల్యా సట్స్‌కెవర్, జెఫ్రీ హింటన్ రాసింది. నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మొదటి వాక్యంలోనే పని చెప్పేశారు: ఇమేజ్‌నెట్ పోటీలోని 12 లక్షల ఫొటోలను 1000 రకాలుగా గుర్తించేలా పెద్ద న్యూరల్ నెట్‌వర్క్‌కు శిక్షణ ఇచ్చామని. రెండో వాక్యంలో ఫలితం, తప్పుల శాతంతో సహా. ఆ తర్వాత నెట్‌వర్క్ పరిమాణం: 6 కోట్ల పారామీటర్లు, 6.5 లక్షల న్యూరాన్లు. చివర్లో 2012 పోటీలో తమ టాప్-5 తప్పుల రేటు 15.3 శాతమైతే రెండో స్థానంలో ఉన్నవారిది 26.2 శాతమని. పక్కవాళ్ల అంకె కూడా ఇచ్చారు కాబట్టే వీళ్ల అంకె గొప్పదని మనకు అర్థమవుతుంది. డీప్ లెర్నింగ్ దిశనే మార్చిన పేపర్ అది. అయినా ‘విప్లవాత్మక’ లాంటి మాట అందులో వెతికినా దొరకదు.

మా ప్రాజెక్టుకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఒకటుంది. ఆకు తెగుళ్ల మీద ప్రాజెక్టు చేసే ప్రతి బ్యాచ్‌కూ ప్లాంట్‌విలేజ్ డేటాసెట్ పేరు తెలిసే ఉంటుంది. దానిమీద మొహంతి, హ్యూజెస్, సలాథే 2016లో రాసిన పేపర్ బాగా ప్రసిద్ధి. 54,306 ఫొటోలు, 14 పంటలు, 26 తెగుళ్లు, 99.35 శాతం కచ్చితత్వం. మన రిపోర్టుల్లోకి ఎక్కేది ఈ 99.35 మాత్రమే. కానీ ఆర్కైవ్‌లో పెట్టిన వెర్షన్ అబ్‌స్ట్రాక్ట్ చదివితే ఇంకో అంకె కనిపిస్తుంది. ట్రెయినింగ్ ఫొటోలకు భిన్నమైన పరిస్థితుల్లో తీసిన ఫొటోలు ఇస్తే కచ్చితత్వం 31.4 శాతానికి పడిపోయిందని వాళ్లే రాశారు, అదీ అబ్‌స్ట్రాక్ట్‌లోనే! ఇంకా రకరకాల ఫొటోలతో శిక్షణ అవసరమనీ చెప్పారు. ఆ నిజాయతీ వల్ల పేపర్‌కు వచ్చిన నష్టమేమీ లేదు. పైగా ‘చేలో తీసిన ఫొటోలతో ఎలా?’ అన్న ప్రశ్న మనలాంటి వాళ్లకు పనిగా మిగిలింది. అన్నట్టు ప్లాంట్‌విలేజ్‌లో ఉన్నది క్యాప్సికమ్ ఆకులు, మన మిర్చి కాదు. మిర్చి మీద ప్రాజెక్టు అని చెప్పి ఆ ఫొటోలే వాడితే ఇంటర్వ్యూలో దొరికిపోతారు.

తెలుగులో రాసుకుంటే?

నాకు బాగా పనికొచ్చిన చిట్కా ఇది. ఇంగ్లిష్ అబ్‌స్ట్రాక్ట్‌కు ముందు తెలుగులో రాసుకోండి. రాయడం కూడా కాదు, ఎవరికైనా చెప్పండి. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు అర్థం తెలియకపోయినా వాక్యం నడిచిపోతుంది, మన భాషలో అలా కుదరదు.

నేను ఫ్రెండ్ వాళ్ల నాన్నగారికే చెప్పాను. ‘బాబాయ్, ఆకు ఫొటో తీస్తే తెగులు పేరు చెబుతుంది’ అన్నాను. ‘ఎవరి చేలోనైనా చెబుతుందా, మన చేలోనేనా?’ అన్నారాయన. ఏ రివ్యూయరూ అడగని ప్రశ్న. మేం ఫొటోలు తీసింది ఒక్క చేలోనే, ఒక్క సీజన్‌లోనే. ఆ మాట కొత్త అబ్‌స్ట్రాక్ట్‌లో చివరి వాక్యమైంది.

తిరగరాసిన తర్వాత దాని సారం తెలుగులో ఇలా ఉంటుంది:

‘మిరప తెగుళ్లను ఫొటో ద్వారా గుర్తించే నమూనాలు ఎక్కువగా ఒకే తీరు వెలుతురులో, సాదా నేపథ్యంతో తీసిన చిత్రాలపై పరీక్షించినవే. చేలో ఫోన్‌తో తీసిన చిత్రాలపై అవి ఎంతవరకు పనిచేస్తాయన్నది ఈ పేపర్‌లో పరిశీలించాం. ఒక చేనులో సేకరించిన 612 చిత్రాలను నాలుగు తరగతులుగా గుర్తించి, ఒకే మొక్క చిత్రాలు రెండు భాగాల్లో రాకుండా విడగొట్టి, ముందే శిక్షణ పొందిన కన్వల్యూషనల్ నెట్‌వర్క్‌ను వాటికి అనుగుణంగా మార్చాం. 122 పరీక్షా చిత్రాల్లో 102 సరిగ్గా గుర్తించింది. తప్పుల్లో ఎక్కువ భాగం ఆకుముడత తొలి దశను ఆరోగ్యకరమైన ఆకుగా పొరబడినవే. డేటా ఒకే చేను, ఒకే సీజన్‌కు చెందినది కాబట్టి ఇతర ప్రాంతాల్లో పరీక్షించాల్సి ఉంది.’

ఇందులో ‘నావెల్’ లేదు, ‘ఎఫిషియెంట్’ లేదు, ‘రోబస్ట్’ లేదు. సమస్య, లోటు, మేం చేసింది, వచ్చింది, దాని హద్దు.. వరసగా ఉన్నాయి. మొదటి వాక్యం మీద ఎవరైనా ‘ఎలా తెలుసు?’ అంటే పేపర్ ఇంట్రడక్షన్‌లో చూపించడానికి చదివిన రిఫరెన్స్‌లున్నాయి.

ఇంకో మాట. శాతంతో పాటు ‘ఎన్నింట్లో ఎన్ని’ అని కూడా రాయండి. వంద ఆకుల్లో 95 ఆరోగ్యంగా ఉంటే, అన్నిటినీ ‘ఆరోగ్యం’ అనేసే పనికిమాలిన మోడల్‌కూ 95 శాతం వస్తుంది. అలాంటి డేటా అయితే రీకాల్, ఎఫ్1 స్కోరు లాంటివి ఇవ్వాలి.

అబ్‌స్ట్రాక్ట్‌లో రిఫరెన్స్‌లు ఉండాలా?

చాలామందికి ఇక్కడే తికమక. ఐఈఈఈ అయితే వద్దంటుంది: అబ్‌స్ట్రాక్ట్ ఒకే పేరాగా 150 నుంచి 250 మాటల్లో ఉండాలి, అందులో రిఫరెన్స్‌లు, ఫుట్‌నోట్‌లు, సంక్షిప్త పదాలు ఉండకూడదు. కారణం సులువే. అబ్‌స్ట్రాక్ట్ పేపర్‌ను వదిలేసి ఒంటరిగా డేటాబేస్‌లలో తిరుగుతుంది. అందులో బ్రాకెట్‌లో 5 అని రాస్తే, జాబితా పక్కన లేదు కాబట్టి ఆ 5 ఎవరికీ ఏమీ చెప్పదు. దీనికి పూర్తి విరుద్ధంగా ‘నేచర్’ జర్నల్ మాత్రం సుమారు 200 మాటల తొలి పేరాను రిఫరెన్స్‌లతో సహా రాయమంటుంది. అందుకని ఎవరో చెప్పారని కాకుండా, మీరు పంపబోయే కాన్ఫరెన్స్ లేదా జర్నల్ రచయితలకు ఇచ్చే సూచనల పేజీ ముందు చదవండి. అయిదు నిమిషాల పని. ఆ పని చేయకుండా పంపిన పేపర్లను ఫార్మాట్ దగ్గరే తిప్పి పంపడమూ జరుగుతుంటుంది.

అంకెలు వేయకపోయినా ఆధారాలు మాత్రం ఉండాల్సిందే. నేను చేసే పద్ధతి చెబుతాను. అబ్‌స్ట్రాక్ట్ ప్రింట్ తీసి, ఒక్కో వాక్యం పక్కన పెన్సిల్‌తో అది పేపర్‌లో ఎక్కడ రుజువవుతుందో రాస్తాను: ‘టేబుల్ 3’, ‘సెక్షన్ 4’, ‘రిఫరెన్స్ 2, 7’ అని. పక్కన ఏమీ రాయలేకపోయిన వాక్యం అబ్‌స్ట్రాక్ట్‌లోంచి పోవాల్సిందే. మా పాత అబ్‌స్ట్రాక్ట్‌కు ఈ పరీక్ష పెడితే తొమ్మిది వాక్యాల్లో మూడే మిగిలాయి!

చదవకుండా రిఫరెన్స్ పెట్టడం మన కాలేజీల్లోనే ఉన్న జబ్బు అనుకోకండి. అమెరికాలో సిమ్కిన్, రాయ్‌చౌధురి అనే ఇద్దరు పరిశోధకులు 2003లో ఓ సరదా లెక్క వేశారు. ఒక ప్రసిద్ధ పేపర్‌ను ఉదహరించిన దాదాపు 4,300 చోట్ల 196 అచ్చుతప్పులు దొరికాయి. కానీ విడివిడిగా చూస్తే తప్పులు 45 రకాలే. ఒకే తప్పు పేజీ నంబరు 78 చోట్ల ఉంది. 78 మంది విడివిడిగా ఒకే తప్పు చేయరు కదా, ఒకరి జాబితాలోంచి ఇంకొకరు దించుకున్నారు. దీన్నిబట్టి, ఉదహరించేవారిలో అసలు పేపర్ చదివేది 20 శాతం మందేనని వాళ్ల అంచనా. నా ఐదో రిఫరెన్స్‌లోనూ సంవత్సరం తప్పుంది. మా సీనియర్ల రిపోర్టులోనూ అదే తప్పు.

ఇప్పుడు దీనికి ఏఐ తోడైంది. చాట్‌బాట్‌ను రిఫరెన్స్‌లు అడిగితే రచయిత పేరు, జర్నల్, సంవత్సరం అన్నీ చక్కగా ఇస్తుంది, ఒక్కోసారి ఆ పేపరే ఉండదు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన లేని కేసులను కోర్టులో ఉదహరించి 5,000 డాలర్ల జరిమానా కట్టాల్సి వచ్చింది. భాష సరిచేసుకోవడానికి ఏఐని వాడుకోండి, నాకు అభ్యంతరం లేదు (కాన్ఫరెన్స్ నిబంధనల్లో అనుమతి ఉందో లేదో చూసుకోండి). రిఫరెన్స్‌కు మాత్రం డీఓఐ నంబర్ తీసుకుని డీఓఐ డాట్ ఓఆర్‌జీలో వేసి చూడండి. పేజీ తెరుచుకోవాలి, టైటిల్ సరిపోవాలి, మీరు చెప్పిన మాట అందులో ఉండాలి. మూడోది ముఖ్యం. గూగుల్ స్కాలర్‌లో పూర్తి పేపర్ దొరక్కపోతే కాలేజీ లైబ్రరీ లాగిన్‌తో ప్రయత్నించండి, రచయితకు మర్యాదగా మెయిల్ పెట్టినా చాలామంది పంపుతారు.

కాపీ విషయంలో యూజీసీ 2018 నిబంధనలున్నాయి. పోలిక 10 శాతం దాటితే అది చర్యలు తీసుకోదగ్గ స్థాయిలోకి వస్తుంది. సాఫ్ట్‌వేర్‌కు దొరక్కుండా పదాలు మార్చే వెబ్‌సైట్ల జోలికి పోకండి. అవి ‘న్యూరల్ నెట్‌వర్క్’ను కూడా ఇంకేదో చేసేస్తాయి, చదివేవాళ్లు ఇట్టే పట్టేస్తారు. ‘మూడు రోజుల్లో పబ్లికేషన్ గ్యారంటీ’ అంటూ వాట్సాప్‌లో వచ్చే జర్నళ్లూ అంతే. రెజ్యూమెలో వాటి పేరు ఉండటం కన్నా లేకపోవడమే నయం.

చిన్నదైనా సరిపోతుంది

250 మాటలని చెప్పారు కదా అని నింపాల్సిన పని లేదు. 2011లో న్యూట్రినోలు కాంతి కంటే వేగంగా వెళ్తున్నాయన్న వార్త సంచలనం రేపింది. ఓ క్వాంటమ్ సిద్ధాంతంతో దాన్ని వివరించవచ్చా అని టైటిల్‌లో ప్రశ్న వేసి పేపర్ రాశారు మైకేల్ బెర్రీ బృందం. అందులో ఐఐటీ ఖరగ్‌పూర్‌కు చెందిన ప్రజ్ఞా శుక్లా ఒకరు. అబ్‌స్ట్రాక్ట్ మొత్తం రెండే మాటలు. అర్థం: ‘బహుశా కాదు’. బీటెక్‌లో ఇలా రాస్తే గైడ్ ఊరుకోరనుకోండి! కానీ అడిగిన ప్రశ్నకు సూటిగా జవాబివ్వడమంటే ఏమిటో అందులో ఉంది.

రాసే వరస కూడా చెప్పేస్తాను. పేపరంతా అయ్యాకే అబ్‌స్ట్రాక్ట్, ముందు ఫలితం వాక్యం, దాని పైన పద్ధతి, దాని పైన సమస్య, చివరకు హద్దు. ఒక రాత్రి పక్కన పెట్టి, మర్నాడు వేరే బ్రాంచి ఫ్రెండ్‌తో చదివించండి. మెకానికల్ వాళ్లకు అర్థమైతే హెచ్‌ఆర్‌కూ అర్థమవుతుంది.

నేను రెజ్యూమెలో 98.4 తీసేసి 83.6 పెట్టినప్పుడు మా వాళ్లంతా పిచ్చా అన్నారు. షార్ట్‌లిస్ట్ కాదేమో అని నాకూ భయమేసింది. తర్వాతి ఇంటర్వ్యూలో ప్యానెల్‌లోని పెద్దాయన ఆ లైను దగ్గర ఆగి, ‘122లో 102 అన్నారు. మిగతా 20 ఏమయ్యాయి?’ అని అడిగారు.

‘ఫోన్‌లో ఉన్నాయి సార్, చూపించమంటారా?’ అన్నాను. ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.